మందలో మందు

యాంటీబయోటిక్ కోళ్ల షెడ్డులోకి దాణాతో వస్తుంది, గొర్రెల దొడ్డిలోకి సూదితో వస్తుంది. యాంటీబయోటిక్‌కు లొంగని సూక్ష్మజీవులు ఆసుపత్రుల్లోనే పుడతాయనుకుంటున్నాం. పశువుల కొట్టం కూడా వాటి పుట్టిల్లే. ఆర్గానిక్ పెంపకం దీన్ని ఆపగలదా? అనంతపురం కరువు నేలల్లో ఈ ప్రశ్నకు దొరికే జవాబు యూరప్‌లో, అమెరికాలో దొరికే జవాబు లాంటిది కాదు.

తొలకరి వాన పడితే కళ్యాణదుర్గం, కంబదూరు, కుందుర్పి వైపు మెట్టరైతు ముఖం విప్పారుతుంది. గొర్రెల కాపరికి మాత్రం గుబులు మొదలవుతుంది. నెలల తరబడి ఎండుగడ్డీ, తుమ్మకాయలూ కొరికి డస్సిపోయిన జీవాలు లేతపచ్చిక కనబడగానే ఆబగా మేస్తాయి. సాయంత్రం దొడ్డికి తోలినప్పుడు బాగానే ఉన్న పిల్ల తెల్లారేసరికి కాళ్లు బిగదన్ని పడి ఉంటుంది. ఇది చిటుక రోగం. పేగులో అంతవరకూ అణిగి ఉన్న క్లాస్ట్రీడియం అనే బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరిగి విషం వదులుతుంది. ఆ విషం రక్తంలో కలిశాక ఏ సూదికీ పనిచేసే వ్యవధి ఉండదు. వాన రాకముందే టీకా వేయించడం ఒక్కటే దారి.

టీకా అందని మందలో రెండు మూడు పిల్లలు పోయాక కాపరి టౌనుకు పరుగెత్తుతాడు. అతను వెళ్లేది ఆసుపత్రికి కాదు, మందుల షాపుకు. ‘అన్నా, జీవాలు పోతాండాయి, ఏదన్నా సూది ఇయ్యి’ అంటాడు. షాపతను ఆక్సిటెట్రాసైక్లిన్ సీసా తీసిస్తాడు. మోతాదు బరువును బట్టి ఉండాలి. కానీ మందను తూచేదెవరు? బాగున్న జీవాలకూ, నీరసంగా ఉన్నవాటికీ, పెద్ద పొట్టేలుకూ, నెల పిల్లకూ అదే సిరంజి, దాదాపు అదే కొలత. సీసా అయిపోతే వైద్యం అయిపోయినట్టే. కరువు సీమలో పశువుల చుట్టూ తిరిగిన ఎవరికైనా ఇది చూసిన దృశ్యమే.

ఇందులో కాపరి తప్పెంత అన్నది తర్వాత మాట్లాడుకుందాం. అరకొర మోతాదులో మందు పడినప్పుడు జీవి ఒంట్లో ఏం జరుగుతుందో ముందు చూడాలి. బలహీనమైన బ్యాక్టీరియా చస్తుంది, మొండిది మిగులుతుంది. అనువైన చోట కొన్ని బ్యాక్టీరియా ఇరవై నిమిషాలకోసారి రెండింతలవుతాయి. మిగిలిన మొండిదే రాజ్యమేలుతుంది. అంతటితో ఆగదు. మందును తట్టుకునే జన్యువును ప్లాస్మిడ్ అనే చిన్న వలయంలో పెట్టుకుని, తన జాతి కాని బ్యాక్టీరియాకు కూడా అందిస్తుంది. గొర్రె పేగులో పుట్టిన మొండితనం మనిషి పేగులోని ఈ-కోలైకి చేరడానికి మధ్య పెద్ద గోడలేమీ లేవు. పాలు, మాంసం, పేడ, నీళ్లు, చేతులు, అన్నీ దారులే.

2019లో యాంటీబయోటిక్‌కు లొంగని బ్యాక్టీరియా నేరుగా కారణమై ప్రపంచంలో 12.7 లక్షల మంది చనిపోయారని 2022 జనవరిలో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం అంచనా కట్టింది. అదే లెక్కలో మన దేశం వాటా దాదాపు 2.97 లక్షలు. పచ్చిబాలింత, డయాలసిస్ రోగి, అప్పుడే పుట్టిన పసిగుడ్డు ఆ అంకెలో ఉన్నారు.

సుబ్బారావు లేబొరేటరీ నుంచి కోడి దాణా దాకా

ఈ కథలో తెలుగువాళ్లం తప్పక తెలుసుకోవాల్సిన మలుపొకటి ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధనలకు అధిపతిగా ఉన్న కాలంలో, అక్కడే బెంజమిన్ డగ్గర్ అనే వృక్ష శాస్త్రవేత్త మిస్సోరీ పొలం మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశాడు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటిది. 1948లో అది లోకానికి వెల్లడైంది. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు.

తర్వాత అదే కంపెనీలో థామస్ జ్యూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ అనే ఇద్దరు మరో పని చేశారు. మందు తీసేశాక మిగిలే పిప్పిలో బి12 విటమిన్ ఉంటుందని దాన్ని కోడిపిల్లలకు మేపి చూశారు. పిల్లలు అనుకున్నదానికంటే వేగంగా బరువెక్కాయి. విటమిన్ ఒక్కటే అంత పని చేయదు, పిప్పిలో మిగిలిపోయిన కొద్దిపాటి యాంటీబయోటిక్ చేసిన పని అది. 1950లో ఆ సంగతి బయటపడగానే అమెరికా దాణా పరిశ్రమ దాన్ని అందిపుచ్చుకుంది. జబ్బు లేని జీవికి రోజూ కొద్దికొద్దిగా మందు మేపే అలవాటు అలా మొదలైంది. కాపరి సిరంజిలోకి ఎక్కే ఆక్సిటెట్రాసైక్లిన్ కూడా ఆ కుటుంబంలోదే. ప్రాణాలు నిలబెట్టాలని ఒక తెలుగువాడు నడిపిన లేబొరేటరీలో పుట్టిన మందు, ఆయన పోయాక బరువు పెంచే దినుసైంది. ఆ మందుకు దాని అసలు పని తిరిగి అప్పగించాల్సిన బాధ్యత మన మీద ఇంకాస్త ఎక్కువ ఉందని నాకనిపిస్తుంది.

హెచ్చరిక అప్పటికే ఉంది. పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ 1945 డిసెంబరులో నోబెల్ ప్రసంగంలోనే చెప్పాడు, చాలీచాలని మోతాదు వాడితే సూక్ష్మజీవులు మందుకు అలవాటు పడతాయని. దాణాలో కలిపేది సరిగ్గా ఆ చాలీచాలని మోతాదే.

మొదట మేలుకున్నది స్వీడన్. 1986లోనే బరువు కోసం వాడే యాంటీబయోటిక్‌లను ఆపేసింది. డెన్మార్క్ 1995లో అవోపార్సిన్ అనే మందును కోళ్లకు, పందులకు నిషేధించింది. అది మనుషులకు ఆఖరి అస్త్రంగా వాడే వాంకోమైసిన్‌కు దగ్గరి బంధువు. నిషేధం తర్వాత కోళ్లలో వాంకోమైసిన్‌కు లొంగని ఎంటరోకాకస్ అనే పేగు బ్యాక్టీరియా బాగా తగ్గింది. పందుల్లో మాత్రం తగ్గనే లేదు. ఎందుకో వెతికితే తేలిందేమంటే, పందులకు టైలోసిన్ అనే మరో మందు వాడుతూనే ఉన్నారు. ఆ రెండు మందులనూ తట్టుకునే జన్యువులు ఒకే ప్లాస్మిడ్ మీద జంటగా కూర్చున్నాయి. ఒకదాన్ని వాడినంతకాలం రెండోదీ బతికే ఉంటుంది. 1998లో టైలోసిన్ కూడా ఆపాకే పందుల్లో తగ్గుదల కనబడింది. ఒక మందు మానేస్తే సరిపోదని డెన్మార్క్ నేర్చుకున్న ఆ పాఠాన్ని మన దేశం కూడా ఒంటబట్టించుకోవాలి. 2006 జనవరి 1 నుంచి యూరోపియన్ యూనియన్ మొత్తం బరువు పెంచే యాంటీబయోటిక్‌లన్నింటికీ స్వస్తి చెప్పింది.

ఆర్గానిక్ అంటే సూక్ష్మజీవి ఉండదని కాదు

ఆర్గానిక్ పెంపకంలో నిజంగా తేడా ఉందా? ఉంది. ఎక్కడ ఉందో సరిగ్గా తెలుసుకోవాలి.

అమెరికాలో మేరీల్యాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆమీ సప్కోటా బృందం 2011లో ఒక అధ్యయనం ప్రచురించింది. మామూలు పద్ధతిలో నడిచే పది పెద్ద కోళ్ల షెడ్లు, అప్పుడే ఆర్గానిక్‌కు మారిన మరో పది షెడ్లు తీసుకుని, చెత్తలో, దాణాలో, నీళ్లలో ఉండే ఎంటరోకాకస్‌ను పరీక్షించారు. ఎంటరోకాకస్ ఫీకాలిస్ అనే రకంలో పలు మందులకు లొంగనివి మామూలు షెడ్లలో 42 శాతం, ఆర్గానిక్‌కు మారినవాటిలో 10 శాతం. ఫీసియం అనే రకంలో 84 శాతం, 17 శాతం. ఆ షెడ్లు ఆర్గానిక్‌లోకి వచ్చి ఎన్నేళ్లో కాలేదు. మందు ఆపిన కొద్దికాలానికే అంత మార్పు కనబడింది.

2012లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నిటినీ ఒకచోట చేర్చి చూశారు. కోడి, పంది మాంసాల్లో మూడు లేదా అంతకు మించి మందులకు లొంగని బ్యాక్టీరియా దొరికే అవకాశం మామూలు మాంసంలోనే ఎక్కువ. కానీ మాంసం మీద బ్యాక్టీరియా ఉండటం, లేకపోవడం విషయంలో రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆర్గానిక్ కోడి మీదా సాల్మొనెల్లా ఉండొచ్చు. దానితో జబ్బు పడితే మందు పనిచేసే అవకాశం ఎక్కువ, అంతే. ఆ ‘అంతే’ విలువ ఐసీయూలో పడకెక్కినవాళ్లకు తెలుస్తుంది. అందుకే ఆర్గానిక్ ముద్ర చూసి మాంసం సగం ఉడికించి తినేవాళ్లను చూస్తే భయమేస్తుంది.

మన దేశంలో ఈ పోలిక మరో రూపంలో దొరుకుతుంది. పంజాబ్‌లో 18 కోళ్ల ఫారాల మీద జరిగిన అధ్యయనం 2017లో వచ్చింది. మాంసం కోసం పెంచే బ్రాయిలర్లలో, పలు శక్తిమంతమైన మందులను విరగ్గొట్టే ఎంజైమ్ ఉన్న ఈ-కోలై 87 శాతం నమూనాల్లో ఉంటే, గుడ్ల కోళ్లలో 42 శాతం. ఒకే రాష్ట్రం, ఒకే నీళ్లు, అవే మందుల షాపులు. ఆరు వారాల్లో రెండు కిలోలు దాటాలన్న తొందరలో పెరిగే కోడికి మందు ఎక్కువ పడుతుంది, మొండి సూక్ష్మజీవీ ఎక్కువే.

హిందూపురం, పెనుకొండ వైపు బెంగళూరు రోడ్డు పట్టుకుని పోతే కనబడే పొడవాటి షెడ్లు చాలావరకు కాంట్రాక్టు పెంపకానివే. పిల్ల కంపెనీది, దాణా కంపెనీది, మందూ కంపెనీదే. షెడ్డూ, కరెంటూ, చాకిరీ రైతువి. కిలోకింత అని పెంపకం కూలి. దాణా బస్తాలో ఏం కలిసిందో రైతు చెప్పలేడు, అడిగే పరిస్థితిలో కూడా ఉండడు. అందువల్ల ఈ విషయంలో కోళ్ల రైతును నిలదీయడం అన్యాయం. బస్తా మీద ప్రతి మందు పేరూ తెలుగులో అచ్చు వేయమని కంపెనీని నిలదీయాలి.

కరువు కట్టిన కంచె

ఇక గొర్రెల సంగతి. 2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెలు ఎక్కువ ఉన్న రాష్ట్రాల్లో తెలంగాణ మొదటిది, 1.76 కోట్లతో ఆంధ్రప్రదేశ్ రెండోది. ఆంధ్రప్రదేశ్‌లో పెద్ద మంద ఉమ్మడి అనంతపురం జిల్లాదే. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోయే వాన, ఎర్రటి పలచని నేల, అయిదేళ్లలో మూడేళ్లు చేతికి రాని వేరుశనగ. పంట పోయినా నిలబడేది మంద. కురుబ, గొల్ల, బోయ కుటుంబాలకు అది నడిచే బ్యాంకు.

ఈ మంద దాణా ఎరగదు. గుట్టలు, బీళ్లు, చెరువు గర్భాలు, కోసిన చేలలో వేరుశనగ కట్టె, ఎండాకాలం కాలువ కింద ఊళ్లకు వలస. బరువు పెంచే మందు కొనే స్తోమత గానీ, అవసరం గానీ దీనికి లేదు. ఆర్గానిక్ నిబంధనావళిలో రాసుకున్న ఆరుబయలు మేత, కదలిక, స్థానిక జాతి, సహజమైన కాన్పు అన్నీ ఇక్కడ పేదరికం దయవల్ల ముందునుంచే ఉన్నాయి. అనంతపురం గొర్రె దేశంలో అతి తక్కువ మందు తిన్న మాంసంలో ఒకటి కావడానికి అన్ని అర్హతలూ ఉన్న జీవి. అమెరికాలో, డెన్మార్క్‌లో ఆర్గానిక్ ఉద్యమం దేన్నయితే తిరిగి సంపాదించాలని చూస్తోందో, దాన్ని మనం ఇంకా పోగొట్టుకోలేదు. పోగొట్టుకునే దారిలో మాత్రం ఉన్నాం, మందుల షాపు నుంచి వచ్చే ఆ సీసా వల్ల.

ఈ నేల మీద గొర్రెలను తుడిచిపెట్టే పెద్ద జబ్బుల పేర్లు చూడండి. నీలి నాలుక, పీపీఆర్ అనే పారుడు రోగం, బొబ్బ రోగం, గాలికుంటు. నాలుగూ వైరస్‌లే. వైరస్ మీద ఏ యాంటీబయోటిక్కూ పనిచేయదు. నీలి నాలుకను దోమ కంటే చిన్నదైన రెక్కల పురుగు మోసుకొస్తుంది. వానలు ముదిరి, మడుగులు నిలిచి, దొడ్డి బురదయ్యే నెలల్లో విజృంభిస్తుంది. మూతి వాచి, నాలుక కమిలి, కాళ్లు కుంటుతూ మేత మానేసిన గొర్రెను చూసి కాపరి పెట్టే ఖర్చులో ఎక్కువ భాగం దానికి పనికిరాని సూదికే పోతుంది. పుండ్లలో బ్యాక్టీరియా చేరినప్పుడు పశువైద్యుడు చూసి మందు ఇవ్వడం వేరు. మందంతటికీ ముందుజాగ్రత్తని పొడవడం వేరు.

యాంటీబయోటిక్ వద్దే వద్దనడం కూడా నేరమే. గొంతువాపు, న్యుమోనియా, గిట్టల కుళ్లు, పొదుగువాపు బ్యాక్టీరియా వల్ల వచ్చేవి. వాటికి సరైన మందు సరైన మోతాదులో పూర్తి రోజులు పడాలి. మూగజీవి నొప్పితో మూలుగుతుంటే ‘మాది ఆర్గానిక్’ అని చేతులు కట్టుకుని నిలబడే హక్కు ఎవరికీ లేదు.

ఆర్గానిక్ నిబంధనల్లో ఈ చోటే దేశానికో తీరు. అమెరికాలో ఒక్కసారి యాంటీబయోటిక్ ఇచ్చినా ఆ జీవి ఆర్గానిక్ లెక్కలోంచి శాశ్వతంగా పోతుంది. వైద్యం నిరాకరించకూడదనీ అదే నిబంధన చెబుతుంది. నష్టం రైతుది గనక వైద్యం ఆలస్యమయ్యే ప్రమాదం ఉంది. యూరప్‌లో వైద్యుడి పర్యవేక్షణలో మందు వాడొచ్చు, ఏడాదిలో ఇన్నిసార్లే అని పరిమితి ఉంటుంది, మందు ఇచ్చాక పాలు, మాంసం అమ్మకుండా ఆగాల్సిన రోజులు రెట్టింపవుతాయి. మన జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం 2015లో పశువులకు అమలు చేసిన ప్రమాణాలు కూడా యూరప్ దారికే దగ్గర. జబ్బు రాకముందే యాంటీబయోటిక్ వాడటం నిషేధం, జబ్బు చేస్తే వేరే దారి లేనప్పుడు వైద్యుడి చేతిమీదుగా వాడొచ్చు. నా దృష్టిలో కరువు సీమకు సరిపోయేది ఇదే. ముప్పై గొర్రెలున్న కాపరి ఒక్క జీవిని పోగొట్టుకున్నా ఆ ఏడు పిల్లల ఫీజు ఆగిపోతుంది. అతని ముందు అమెరికా నిబంధన పెట్టడం క్రూరత్వం.

సర్టిఫికెట్ కాగితం ఆ కాపరికి అందేదీ కాదు, ఆ ఖర్చు భరించేదీ కాదు. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్, 2008లో ఏర్పడిన దాని ధరణి సహకార సంఘం చిరుధాన్యాల విషయంలో ఒక దారి చూపించాయి. చిన్నరైతులు ఒకరి పొలాన్ని ఒకరు చూసి పూచీపడే పద్ధతి. మందల విషయంలో కూడా ఊరి కాపరులంతా కలిసి ఏ జీవికి ఏ మందు ఎప్పుడు పడిందో ఒక నోటు పుస్తకంలో రాసుకుని, ఒకరికొకరు సాక్ష్యం నిలిస్తే బెంగళూరు మార్కెట్లో ఆ మాంసానికి వేరే ధర అడగొచ్చు. పండగల ముందు అనంతపురం పొట్టేళ్లు లారీల్లో పోయేది అక్కడికేగా.

పేడ మాట ఎవరూ ఎత్తరు

ఆర్గానిక్ గురించి ఉత్సాహంగా మాట్లాడేవాళ్లు కూడా దాటవేసే చోటు ఇది. జీవికి ఇచ్చిన యాంటీబయోటిక్ అంతా ఒంట్లో కరిగిపోదు. మందును బట్టి 30 నుంచి 90 శాతం దాకా పేడలో, మూత్రంలో బయటికి వచ్చేస్తుంది. దానితోపాటు మొండి బ్యాక్టీరియా కూడా. అలాంటి ఎరువు పడిన నేలల్లో నిరోధక జన్యువులు పెరుగుతాయని పలు దేశాల పరిశోధనలు తేల్చాయి.

ఇప్పుడు మన పల్లెలోకి వద్దాం. చేలో మంద కట్టించుకోవడం సీమలో తరాల నాటి ఒప్పందం. రాత్రంతా చేలో మంద పడుకుంటే పెంటికలు, మూత్రం నేలకు బలం, కాపరికి గింజలో డబ్బో. కోళ్ల ఫారం ఎరువు లారీలకు లారీలు దానిమ్మ, చీనీ తోటలకు పోతుంది. రాష్ట్రంలో 2016 నుంచి నడుస్తున్న ప్రకృతి వ్యవసాయమైతే ఆవు పేడ, మూత్రం మీదే నిలబడింది. ఆ కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ పురస్కారం వచ్చింది, తెలుగువాళ్లంతా సంతోషించదగ్గ విషయమే. ఆ ఆనందంతోనే ఒక మాట అడగాలి. జీవామృతం కలిపే పీపాలో పడే పేడ, పొదుగువాపుకు సూదులు వేయించుకుంటున్న ఆవుది కాకూడదన్న నియమం ఊరి స్థాయిలో ఎంతమందికి చేరింది? బాగా మాగిన కంపోస్టు కుప్పలో పుట్టే వేడికి టెట్రాసైక్లిన్ లాంటి మందులు చాలావరకు విరిగిపోతాయి. జీవామృతం వేడెక్కే పద్ధతి కాదు, సూక్ష్మజీవులను పెంచే పద్ధతి. మంచివాటితోపాటు మొండివీ పెరగొచ్చు. అందుకే వైద్యంలో ఉన్న పశువు పేడను వేరుగా కుప్ప వేసి మాగనివ్వాలి. పైసా ఖర్చు లేని పని ఇది. శిక్షణలో ఒక పాఠంగా చేర్చితే చాలు.

ప్రకృతి వ్యవసాయం మందలకు నేరుగా చేసే మేలు మరొకటుంది. రుతుపవనాలకు ముందే నవధాన్యాలు చల్లితే చేను పచ్చబడుతుంది, ఆకలి నెలల్లో పశువుకు కాస్త మేత దొరుకుతుంది. కడుపునిండిన జీవికి జబ్బు తక్కువ, జబ్బు తక్కువైతే సూది తక్కువ.

పొదుగువాపుకే సూది లేని వైద్యం ఒకటి ఉంది. జాతీయ పాడి అభివృద్ధి మండలి, బెంగళూరులోని ట్రాన్స్ డిసిప్లినరీ విశ్వవిద్యాలయం కలిసి పాల సంఘాల్లో ప్రచారం చేస్తున్నది. కలబంద 250 గ్రాములు, పసుపు 50 గ్రాములు, సున్నం 15 గ్రాములు కలిపి నూరి, పాలు పూర్తిగా పిండేశాక పొదుగుకు రోజులో పలుమార్లు పూయాలి. జబ్బు తొలిదశలో పట్టుకుంటేనే దీని ఫలితం. జ్వరం వచ్చి, పాలలో రక్తం కనబడితే పశువైద్యుణ్ని పిలవాల్సిందే. పాతదంతా మంచిదేనని నేననను. జబ్బు గొర్రెకు కాల్చిన ఇనుముతో వాత పెట్టడం పాతదే. దానివల్ల జీవికి నరకం తప్ప మరేమీ లేదు.

పరాయివాడికి పరీక్ష, మనకు నమ్మకం

తీరప్రాంతం రొయ్యల రైతును అడిగితే యాంటీబయోటిక్ అవశేషం అంటే ఏమిటో గడగడా చెబుతాడు. సరుకు పరీక్షలో పట్టుబడితే కంటైనర్ వెనక్కొస్తుంది గనక. 2016లో యూరప్ మన చెరువుల రొయ్యల తనిఖీని 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. పరాయి దేశం వాడి పళ్లెం కోసం అంత జాగ్రత్త. మనం తినే కోడికి?

2014లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 70 కోడి మాంసం నమూనాలు పరీక్షిస్తే 40 శాతంలో యాంటీబయోటిక్ అవశేషాలు దొరికాయి. ఎన్రోఫ్లాక్సాసిన్ వాటిలో ఒకటి. అది జీవి ఒంట్లో కొంత సిప్రోఫ్లాక్సాసిన్‌గా మారుతుంది, అంటే మన ఇంటి మందుల డబ్బాలో ఉండేదే. పాల విషయంలో కాస్త ఊరట ఉంది. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018లో దేశమంతటా 6,432 పాల నమూనాలు పరీక్షిస్తే 77లోనే అవశేషాలు హద్దు మీరాయి. భయపెట్టడం నా ఉద్దేశం కాదు. కొలిస్తేనే ఎక్కడ బాగుందో, ఎక్కడ లేదో తెలుస్తుంది.

కొలిస్టిన్ సంగతి చూడండి. మిగతా మందులన్నీ చేతులెత్తేశాక ఐసీయూలో వాడే ఆఖరి అస్త్రం. దానికి లొంగకుండా చేసే జన్యువు పశువుల్లో, మనుషుల్లో తిరుగుతోందని 2015 నవంబరులో చైనా నుంచి వార్త వచ్చింది. మన కేంద్రం 2019 జూలైలో ఆహారానికి పెంచే జీవాలకు కొలిస్టిన్ తయారీ, అమ్మకం నిషేధించింది. మంచి నిర్ణయం. అప్పటిదాకా ఆ మందును దాణాలో కలిపి కోళ్లకు మేపాం.

పశువులను మాత్రమే దోషిగా నిలబెట్టడం కూడా సబబు కాదు. స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం 2007లో ప్రచురించిన అధ్యయనంలో, పటాన్‌చెరు మందుల ఫ్యాక్టరీల మురుగును శుద్ధి చేసి వదిలిన నీటిలో సైతం లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ దొరికింది. ఆ మందు మింగే రోగి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. అలాంటి నీటి పక్కన సీసా చేతబట్టిన కాపరి చేసే తప్పు ఎంత?

అతని తప్పు కొద్దే. అతను ఏడాదిలో చాలాకాలం ఊరిబయటే ఉంటాడు. ఊళ్లో టీకాలు వేసే రోజున మంద వలసలో ఉంటుంది. వలస వెళ్లిన చోట అతను పరాయివాడు. చట్టం ప్రకారం యాంటీబయోటిక్ అమ్మాలంటే వైద్యుడి చీటీ ఉండాలి. చీటీ రాసే డాక్టరు ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్నప్పుడు షాపతనే డాక్టరు. షాపు మీద దాడి చేసి సీసాలు పట్టుకెళ్లడం తేలిక. ఆ సీసా అవసరం లేకుండా చేయడంలోనే ప్రభుత్వం పని ఉంది.

టీకాతో ఏం సాధించవచ్చో ఈ దేశం చూసింది. ఊళ్లకు ఊళ్ల ఎద్దులను మింగిన ముసర వ్యాధి ప్రపంచం నుంచే పోయిందని 2011లో ప్రకటించారు. దాన్ని తరిమింది టీకా. పీపీఆర్‌ను 2030 నాటికి అలాగే తరమాలని ప్రపంచ లక్ష్యం. మన దగ్గర ఆ టీకా ఉంది, ముక్తేశ్వర్‌లో మన శాస్త్రవేత్తలే తయారు చేశారు. ఒక్కసారి వేస్తే కనీసం మూడేళ్లు కాపాడుతుంది. చిటుక రోగానికి, నీలి నాలుకకు కూడా దేశంలోనే టీకాలు తయారవుతున్నాయి. వాటిని మే నెల ముగిసేలోగా మందల దగ్గరికి, వలసలో ఉంటే వలస దారిలోకి, ఐసుపెట్టెతో సహా చేర్చాలి. ఆంధ్రప్రదేశ్ 2022లో యాంటీబయోటిక్ నిరోధకత మీద సొంత కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. అందులో మనుషుల ఆసుపత్రికి ఎంత చోటు ఉందో గొర్రెల దొడ్డికీ అంత ఉండాలి. జిల్లా పశువ్యాధి నిర్ధారణ ప్రయోగశాలలో ఏ బ్యాక్టీరియాకు ఏ మందు పనిచేస్తోందో తేల్చే పరీక్ష రోజువారీ పని కావాలి. ఆ ఫలితం ఆర్నెల్లకోసారి తెలుగులో ఊరి రైతు సేవా కేంద్రం గోడ మీద అతికించాలి.

ఇది చదివే కాపరి కుటుంబాల పిల్లలు, చదువుకుని బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు చాలామంది ఉంటారు. ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు నాన్నను రెండు మాటలు అడగండి. మందకు ఏ టీకాలు పడ్డాయి, చివరిసారి ఏ సూది ఎందుకు వేశారు అని. జీవం జబ్బు పడితే మందుల షాపుకంటే ముందు 1962 నంబరుకు ఫోన్ చేయమని చెప్పండి. సంచార పశువైద్య వాహనం పిలిచేందుకు పెట్టిన నంబరది, పైసా ఖర్చు లేదు. సూది వేసిన జీవాన్ని సీసా మీద రాసిన రోజులు గడిచేదాకా సంతకు తోలొద్దని కూడా చెప్పండి.